ఎదురుగా కూర్చుని నేర్చిన పని

తిరిగే కుర్చీ ఎక్కి నిలబడకూడదు. ఈ ముక్క చంటిపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. మేస్త్రి కూడా తన సెలూన్‌కి వచ్చే ప్రతి పిల్లాడికీ, వాడి వెంట వచ్చిన తండ్రికీ వేలు చూపించి మరీ చెప్పేవాడు. అంత తెలిసిన మనిషి ఒక మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ చూసుకుని, అద్దం పైన పట్టిన బూజు దులుపుదామని అదే కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. కుర్చీ తన పని తాను చేసింది. గిర్రున తిరిగింది. మేస్త్రి గాల్లో ఒక చుట్టు చుట్టి, పౌడరు డబ్బానీ, దువ్వెనల అరనీ, గోడకున్న కేలండర్నీ వెంటేసుకుని కిందికి వచ్చాడు. రావడం కుడిచేతి మీదికే వచ్చాడు.

డాక్టరు వేళ్ల దగ్గర్నుంచి మోచేతి దాకా సిమెంటు కట్టు వేశాడు.

"ఈ చేత్తో ఏం పని చేస్తుంటారు?" అని అడిగాడు.

"గడ్డాలు గీస్తానండి."

డాక్టరు తెలియకుండానే తన చెంప తడుముకున్నాడు. "కొన్నాళ్లు వద్దులెండి. కట్టు విప్పాక చూద్దాం" అన్నాడు.

ఆ 'చూద్దాం' అన్న మాట మేస్త్రి గుండెల్లో రాయిలా పడింది. డాక్టర్లు చూద్దాం అన్నారంటే వాళ్లకీ తెలియదన్నమాట. సరే, చెయ్యి సంగతి తర్వాత. ముందు కొట్టు సంగతి చూడాలి కదా! రోడ్డుకి అవతల, సరిగ్గా ఎదురుగా, అద్దాల తలుపులతో కొత్త సెలూన్ ఒకటి వెలిసింది. లోపల చల్లగాలి, పాటలు, మెత్తని కుర్చీలు. ఇన్నాళ్లూ పాత గిరాకీ అటు వెళ్లలేదంటే ఒకే ఒక్క కారణం, మేస్త్రి చెయ్యి. ఆ చెయ్యి చెంప మీద ఆడుతుంటే జనం కుర్చీలోనే నిద్రపోయేవాళ్లు. ఇప్పుడు కొట్టు మూస్తే అందరూ అటే పోతారు. "రోడ్డు దాటిన గడ్డం మళ్లీ తిరిగి రాదు" అనేది మేస్త్రి ఎప్పుడూ చెప్పే మాట. అలాంటిది ఇప్పుడు తన కొట్టుకి తానే తాళం వేయాల్సి వచ్చిందే అని అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"నేను గీస్తా" అంది భార్య.

మేస్త్రి నవ్వాడు. నవ్వితే చెయ్యి నొప్పెట్టింది. నొప్పెడుతున్నా నవ్వాడు.

"నవ్వింది చాలు. వంకాయ కోసినట్టు పీకలు కోస్తాననుకుంటున్నారా?"

"కోస్తావని కాదే. ఇది చూస్తే వచ్చే పని కాదు. నేను మా నాన్న దగ్గర ఎన్నేళ్లు నేర్చుకున్నానో తెలుసా? చెయ్యి తిరగాలి. తిరిగేదాకా గీస్తూనే ఉండాలి."

"అయితే తిప్పించండి. మీరున్నారుగా నేర్పడానికి."

అక్కడ దొరికిపోయాడు మేస్త్రి. నాకు రాదు అనలేడు, నేర్పలేను అని అంతకంటే అనలేడు. అభ్యాసం కూసువిద్య అని పదిమందికీ నీతులు చెప్పిన నోరు కదా మరి!

సెలూన్ పనిలో కొత్తవాళ్లకి మొదటి గిరాకీ మనిషి కాదు, బుడగ. బుడగ ఊది, దానికి సబ్బు నురగ పట్టించి, ఆ నురగంతా కత్తితో తీసెయ్యాలి. బుడగ పగలకూడదు. మేస్త్రి బావమరిది టైర్ల కొట్టులో పని చేస్తాడు, గాలి కొట్టడం అతని వృత్తి. సంచీడు బుడగలు తెచ్చి, గాలి కొట్టి, "ఇదుగో బావా, ఒక్కడికీ నోరు లేదు, నిశ్చింతగా గీయండి" అని అప్పగించి వెళ్లాడు.

కొట్టు తలుపులు దగ్గరగా వేసి పాఠం మొదలుపెట్టారు. ఆవిడ కుడిచేత్తో కత్తి పట్టుకుంది. మొదటి బుడగ టప్పుమంది. నురగ లేచి అద్దానికి కొట్టుకుంది.

"అలా కాదు, ఇలా!" అన్నాడు మేస్త్రి.

"ఇలా అంటే ఎలా?"

"ఇలా... అంటే... మణికట్టు ఉంది చూశావూ, దాన్ని వదిలీ వదలనట్టు వదిలి..."

"వదలాలా, వద్దా?"

"అబ్బ! వదలాలి, కానీ పట్టుకునుండాలి."

రెండో బుడగ టప్పుమంది. ఈసారి నురగ మేస్త్రి మీసాల మీదికి వచ్చింది. "మాటలెందుకు, చూపించండి" అంది ఆవిడ. చూపించడానికి మేస్త్రి చెయ్యెత్తాడు. కట్టు లేచింది గానీ లోపల వేళ్లు కదల్లేదు. పోనీ అని కత్తి ఎడమచేత్తో తీసుకుని బుడగ మీద పెట్టాడు, అది అన్నిటికంటే గట్టిగా పేలింది. విచిత్రం ఏమిటంటే, జీవితమంతా చేసిన పని గురించి మేస్త్రి నోటికి ఒక్క ముక్కా తెలియదు. తెలిసిందంతా చేతికే. ఆ చెయ్యేమో కట్టులో పడుకుంది.

అలా కొన్నాళ్లు నడిచింది. వీధిలో పోయేవాళ్లు ఆ టపటపలు విని లోపల మొగుడూ పెళ్లాలు కొట్టుకుంటున్నారని అనుకున్నారు. అదీ పూర్తిగా అబద్ధం కాదు. ఒకరోజు ఆఖరి బుడగ కూడా పేలాక ఆవిడ కత్తి బల్ల మీద పెట్టేసింది.

"మీకు చెప్పడం రాదు."

"నీకు నేర్చుకోవడం రాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది."

"మద్దెలేమిటి, మీరే ఓడు! అలా కాదు, ఇలా అంటారు. ఆ ఇలా ఏమిటో మీకే తెలియదు. నాకు వంట పనుంది." అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ ఇంటి కట్టడం గురించి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. కొట్టు ముందుగది, వంటిల్లు వెనకగది. రెండింటికీ మధ్య గోడ. ఆ గోడకే అద్దం. అద్దం పక్కనే ఒక కిటికీ. కొట్టులోంచి చూస్తే కిటికీ అవతల వంటింటి బల్ల, బల్ల వెనక ఆవిడ కూర్చునే ఎత్తుపీట. పెళ్లైనప్పటి నుంచీ మేస్త్రి ఇవతల నిలబడి గడ్డాలు గీయడం, ఆవిడ అవతల ఎదురుగా కూర్చుని కూరలు తరగడం. మధ్యలో "టీ" అని ఒక కేక. అంతే వాళ్ల కాపురం.

మేస్త్రి అలిగి గిరాకీ కుర్చీలో కూలబడ్డాడు. అతను ఆ కుర్చీలో కూర్చోవడం దాదాపు అదే మొదలు. తన గడ్డం తాను నిలబడే గీసుకునేవాడు మరి. కూర్చుంటే కళ్లకెదురుగా కిటికీ. కిటికీలో భార్య. కోపంగా బంగాళాదుంపల తొక్క తీస్తోంది.

మేస్త్రి చూశాడు. మళ్లీ చూశాడు. తొక్క ఉల్లిపొరంత పల్చగా, తెగకుండా జారుతోంది. దుంప మీద కత్తి ఆనీ ఆననట్టు పోతోంది. మణికట్టు వదిలీ వదలనట్టు ఉంది. ఇన్నాళ్లూ తను నోటితో చెప్పలేక చచ్చిన ఆ 'ఇలా' అక్కడ, బంగాళాదుంప మీద ఆడుతోంది. కానీ ఎడమచేత్తో! అన్నం తినేది కుడిచేత్తో, రాసేది కుడిచేత్తో, చివరికి మొగుడి మీదికి గరిటె ఎత్తేది కూడా కుడిచేత్తోనే. తొక్క తీయడం మాత్రం ఎడమచేత్తో. ఇన్నేళ్లుగా కళ్లముందున్న సంగతే, ఎందుకలా అని ఒక్కసారీ అడగలేదు.

"ఏమేవ్! ఆ చేత్తో ఎప్పట్నుంచి తీస్తున్నావ్?"

"ఏ చేత్తో?" ఆవిడ తన చేతిని తానే కొత్తగా చూసుకుంది. "ఏమో. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీనేమో. ఎదురుగా మీరు గీస్తుంటారు కదా, మిమ్మల్ని చూస్తూ నేనూ గీస్తుంటాను. మీరు పైనుంచి కిందికంటే నేనూ పైనుంచి కిందికి. లేకపోతే పొద్దెలా పోతుంది నాకు?"

మేస్త్రి తన కట్టు చేతినీ ఆవిడ చేతినీ మార్చి మార్చి చూశాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లకి ఇతని కుడి వాళ్ల ఎడమ వైపు కదా పడుతుంది! ఇవతల చెయ్యి ఎటు కదిలితే ఆవిడదీ అటే కదిలింది. పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అనలేదు. పక్కగదిలో పని మొత్తం నేర్చేసి కూర్చున్న మనిషికి, బల్ల గుద్ది మరీ అక్షరాలు దిద్దించబోయాడు, అదీ తప్పు చేత్తో.

బుడగలైపోయాయి. ఆగే ఓపిక మేస్త్రికి లేదు. అందుకని టైర్ల కొట్టుకి కబురుపెట్టి బావమరిదినే పిలిపించాడు.

"మళ్లీ బుడగలా బావా?"

"కాదు. నువ్వే."

"అక్కా, నాకు ఇద్దరు పిల్లలున్నారే" అన్నాడు బావమరిది, కుర్చీలోంచి లేవబోతూ. ఆవిడ ఎడమచేత్తో కత్తి తీసుకుని, కుడిచేత్తో వాడి తల పట్టుకుంది. "కదిలావంటే పిల్లల్ని నేనే పెంచాల్సొస్తుంది" అంది. పిల్లికి చెలగాటం ఎలకకి ప్రాణసంకటం. వాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నురగ కింద కత్తి సన్నగా చప్పుడు చేసింది. ఆ చప్పుడు మేస్త్రికి బాగా తెలిసిన చప్పుడే. ఇంతకుముందెప్పుడూ అది వేరే చేతిలోంచి వినలేదు. కాసేపటికి కుర్చీలోంచి గురక వినిపించింది. బావమరిది నిద్రపోయాడు.

"వచ్చేసిందే నీకు" అన్నాడు మేస్త్రి. సంతోషమే. సంతోషం లోపల ఇంకేదో కూడా ఉంది గానీ అప్పటికి దాన్ని పట్టించుకోలేదు.

మర్నాడు కొట్టు తెరిచారు. మొదటి గిరాకీ ఎప్పుడూ పోస్టుమాస్టరు గారే. ఉద్యోగం నుంచి ఆయన ఎప్పుడో రిటైరయ్యారు గానీ ఆ పిలుపు రిటైరవలేదు. ఆయన ఏ సెలూన్‌కి వెళితే వీధి మొత్తం ఆ సెలూన్‌కే. ఆయన గుమ్మంలోకి వచ్చి, కత్తి పట్టుకుని నిలబడ్డ ఆవిడని చూసి, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి ఆగిపోయారు. చూపు మెల్లగా రోడ్డు అవతలి అద్దాల తలుపుల వైపు తిరిగింది.

మేస్త్రి కట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. "అయ్యా, ఒక్క చెంప గీయించుకోండి. నచ్చకపోతే రెండో చెంపకి అటు వెళ్లండి" అన్నాడు.

"ఒక చెంప గీసుకుని రోడ్డు దాటమంటావా? నలుగురూ నవ్వరూ?"

"అందుకే గదండీ, ఆవిడ రెండోది కూడా బాగానే గీస్తుంది."

పోస్టుమాస్టరు గారికి నవ్వొచ్చింది. నవ్వొచ్చాక వెళ్లిపోవడం మర్యాద కాదు, వచ్చి కూర్చున్నారు. అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. ఆవిడకి చెయ్యి తిరిగిన మాట నిజమే గానీ గిరాకీల మెడలు కూడా ఇన్నేళ్లలో ఒకవైపుకి తిరిగిపోయాయి! బ్రష్ తగలగానే పోస్టుమాస్టరు గారి మొహం తనంతట తానే అలవాటైన వైపుకి తిరిగింది. ఆవిడకి కావల్సింది అవతలి చెంప. ఆవిడ అటు వెళ్లింది, మొహం ఇటు తిరిగింది. ఆవిడ ఇటు వచ్చింది, అయ్యో పాపమని ఆయన అటు తిప్పారు. ఇద్దరూ కుర్చీ చుట్టూ దాగుడుమూతలు ఆడుతుంటే మేస్త్రి నెత్తిన చెయ్యి పెట్టుకోబోయి కట్టుతో కొట్టుకున్నాడు.

"కదలకండి!" అంది ఆవిడ చివరికి, మొగుడితో మాట్లాడే గొంతుతో. ఒకప్పుడు పోస్టాఫీసు మొత్తాన్నీ గడగడలాడించిన మనిషి స్టాంపు అంటించినట్టు బిగుసుకుపోయారు.

గడ్డం అయింది. ఒక్క గాటు లేదు. ఆవిడ తల కూడా దువ్వి పక్కకి జరిగింది. పోస్టుమాస్టరు గారు అద్దంలోకి చూసి, "ఇదేమిటమ్మా, పాపిడి అటు పోయింది?" అన్నారు.

ఎడమచేత్తో దువ్వితే పాపిడి ఎటు పోతుంది మరి! ఆవిడ నాలిక కరుచుకుంది. మేస్త్రి దువ్వెన లాక్కుని పరిగెత్తుకొచ్చాడు. "ఆగు" అన్నారు పోస్టుమాస్టరు గారు. తల వంచి నెత్తి చూసుకున్నారు. చిల్లర బిళ్లంత బట్టతల ఉండాల్సిన చోట వెంట్రుకలు ఒద్దికగా పడుకునున్నాయి. అటు నుంచి దువ్వేసరికి అదంతా కప్పుకుపోయింది.

"ఇన్నేళ్లూ ఇటు నుంచే దువ్వావు కదయ్యా మేస్త్రీ!" అని నిష్టూరంగా అని, ఛాతీ విరుచుకుని వెళ్లిపోయారు.

సాయంత్రానికల్లా వీధిలో నెత్తి పల్చబడ్డ మగవాళ్లందరూ వరసకట్టారు. వాళ్ల సంఖ్య అంత ఉందని వీధికే తెలియదు. "ఎడమచేతి పాపిడి పిన్నిగారు" అని పేరు కూడా పెట్టేశారు. అద్దాల సెలూన్ అతను గుమ్మంలో నిలబడి ఇటే చూస్తుండేవాడు. కొట్టు నిలబడింది.

కొట్టు నిలబడింది గానీ మేస్త్రికి నిలబడే చోటు లేకుండా పోయింది. మొదట కొన్నాళ్లు, "అది నేను నేర్పిందే" అని కనబడ్డవాడికల్లా చెప్పాడు. కింద పడ్డా పైచెయ్యి తనదే అనాలి కదా. తర్వాత్తర్వాత తువ్వాళ్లు ఉతకడం, పటిక అందించడం, కింద పడ్డ వెంట్రుకలు ఊడ్వడం. ఒకరోజు ఎవరో "టీ తెమ్మని మేస్త్రికి చెప్పండి పిన్నిగారూ" అన్నారు. మేస్త్రి టీ పెట్టి తెచ్చాడు. కట్టు విప్పనీ, అప్పుడు చెబుతా ఒక్కొక్కడి సంగతీ అనుకున్నాడు.

కట్టు విప్పారు. ఎముక అతుక్కుంది. కానీ చెయ్యి వణికింది. గ్లాసు పట్టుకుంటే నీళ్లు చిందేంత వణుకు. "ఇంకా తగ్గదా డాక్టర్ గారూ?" అంటే, "ఈ మాత్రం ఉంటుంది. అన్నం తినొచ్చు, సంతకం పెట్టొచ్చు" అన్నాడు డాక్టరు. కత్తి మాట ఆయనా ఎత్తలేదు, మేస్త్రీ అడగలేదు. ఇంటికొచ్చి, "బాగైపోయింది" అని ఒక్క మాట చెప్పి, ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి అది జేబులోనే ఉంది. టీ గ్లాసు ఎడమచేత్తోనే అందుకునేవాడు. ఆవిడ చూసింది.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆవిడ తమ్ముడింటికని బయల్దేరింది. వీధి మలుపు దాకా వెళ్లాక గొడుగు మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. కొట్టు తలుపులు దగ్గరగా వేసున్నాయి. లోపల టప్పుమంది. కాసేపాగి మళ్లీ టప్పు. ఆ వెంటనే సన్నగా, తనలో తాను తిట్టుకుంటున్న గొంతు.

ఆవిడ తలుపు తోసింది.

మేస్త్రి చేతిలో కత్తి. ఎడమచేతిలో. మొహమంతా నురగ, నేలంతా రబ్బరు ముక్కలు. తన సొంత కొట్టులోనే దొంగలా దొరికిపోయాడు. కత్తి వెనక్కి దాచబోయాడు గానీ కుడిచెయ్యి జేబులోంచి బయటకొచ్చి కుర్చీ పట్టుకునుంది, టకటక కొట్టుకుంటోంది. దాన్ని దాచడానికి ఇంకో చెయ్యి లేదు.

"అది ఇంక గీయదే" అన్నాడు. "వయసు మళ్లిపోయాక ఇప్పుడు ఎడమచెయ్యి తిప్పుకోవాలి. నాకు చేతకావడం లేదు. ఇంక వెంట్రుకలు ఊడ్చుకుంటూ..." మాట పూర్తి కాలేదు. అంత మనిషి ఏడ్చాడు. నురగలో కన్నీళ్లు కనబడవు గానీ ఆవిడకి తెలిసింది.

ఆవిడ గొడుగు మాట మరిచిపోయింది. మేస్త్రి కొత్తగా తెచ్చుకున్న సంచీలోంచి ఒక బుడగ తీసి ఊదింది, మూతి కట్టింది, నురగ పట్టించింది. మేస్త్రి తల దించుకుని వంటింటి వైపు కదిలాడు. ఆ వంటింటి ఎత్తుపీట మీద, ఆవిడ ఇన్నేళ్లూ కూర్చున్న చోట, ఎదురుగా కూర్చుని నేర్చుకోవడమే తనకి రాసిపెట్టి ఉందనుకున్నాడు.

"ఎక్కడికి?"

"అటే. కూర్చుని చూస్తాను."

"ఎదురుగా కూర్చుంటే నాలాగే తిరగేసి వస్తుంది మీకు. ఎదురుగా కూర్చున్నది చాల్లెండి మన ఇద్దరం. ఇలా రండి, నా పక్కన నిలబడండి."

వచ్చి నిలబడ్డాడు. అద్దంలో ఇద్దరూ పక్కపక్కన కనిపించారు. ఇన్నేళ్ల కాపురంలో ఆ అద్దం వాళ్లని అలా చూడటం అదే మొదటిసారి. మేస్త్రి కత్తి పట్టుకుని బుడగ మీద ఆనించాడు.

"అలా కాదు" అంది ఆవిడ. "ఇలా."

"ఇలా అంటే ఎలా?" అన్నాడు మేస్త్రి.

ఆవిడ చెప్పబోయింది. నోరు తెరిచింది. మాట దొరకలేదు. మేస్త్రి నురగ మొహంతోనే పడీపడీ నవ్వాడు, బుడగ టప్పుమంది.